మా కొమురయ్య తూకం

షాద్‌నగర్‌లో నేను కిరాయికి ఉంటున్న గదికీ పక్క గదికీ మధ్య గోడ ఉన్నదన్న మాటే గానీ, ఆ గోడ వాసనలను ఏనాడూ ఆపలేదు. వాళ్ళింట్లో ఎండుచేపల పులుసు మరిగితే నాకు ఆకలేస్తుంది, నా గదిలో పోపు మాడితే ఆ అక్క దగ్గుతుంది. మొన్నొక సాయంత్రం కంపెనీలో మందుల డబ్బాలను అట్టపెట్టెల్లో సర్ది సర్ది అలిసిపోయి, ఆటో దిగి మెట్లెక్కుతుంటే, దోరగా వేయించిన గోధుమపిండి, దాని వెనక శనగపప్పు, అన్నిటి మీదా పాలపొడి, చక్కెర కలిసిన కమ్మటి వాసన ఒకటి ఎదురొచ్చి నన్ను సగం మెట్ల మీదే నిలబెట్టేసింది. చూడకుండానే చెప్పగలను, అది బాలామృతం. పక్క గది అక్క తన పదినెలల పాప కోసం అంగన్‌వాడీ నుంచి తెచ్చుకున్న పొట్లం విప్పిందన్నమాట.

తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసి "జర తింటవా రేణుకా?" అని అడిగింది. "వద్దక్కా, పాపకు పెట్టు" అన్నాను. అంటూనే చెయ్యి చాపాను. ఆమె నవ్వి గుప్పెడు పోసింది. ఇరవై ఒక్క ఏళ్ళొచ్చినా ఆ పొడి విషయంలో నాకు సిగ్గు రాలేదు. పసిపిల్లల వాటా తినడం నాకు చిన్నప్పటి అలవాటు, దాని వల్ల మా ఇంట్లో ఎంత పని జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ నవ్వూ వస్తుంది, గుండెలో కొంచెం గుచ్చుకుంటుంది కూడా.

మా ఊరు మోత్కూర్‌కూ నార్కట్‌పల్లికీ నడుమ, బస్సు వచ్చినా రాకపోయినా పెద్దగా తేడా పడని చోట ఉంటుంది. ఎర్రనేల, అక్కడక్కడా నల్లటి గుండ్లు, గుండ్ల సందుల్లో సీతాఫలం చెట్లు. తెలంగాణ వచ్చిన కొత్త రోజులవి. బడి గోడ మీద కొత్త రాష్ట్రం పటం గీయించారు గానీ, అందులో మా ఊరెక్కడుందో చూపించమని సారు అడిగితే ఒక్కొక్కరం ఒక్కోచోట వేలు పెట్టేవాళ్ళం, సారు కూడా ఏదీ కాదనేవారు కాదు. ఊరి చివర గొల్లవాడలో మా ఇల్లు, ఇంటిని ఆనుకొని ముళ్ళకంప నాటిన గొర్రెల దొడ్డి. ఇంట్లో ఐదుగురం: బాపు, అమ్మ, బాపును కన్న మా అవ్వ, పదేళ్ళ నేను, రెండేళ్ళ తమ్ముడు కొమురయ్య. కొమురెల్లి మల్లన్నకు మొక్కితే పుట్టాడని వాడికా పేరు పెట్టారు.

వానలు మొదలైతే దొడ్డి నుంచి తడిసిన ఉన్ని వాసన వచ్చి మా బట్టలకూ పుస్తకాలకూ పట్టుకునేది, బడిలో పక్కనున్న పిల్ల ముక్కు మూసుకుంటే నేను కావాలనే ఇంకొంచెం దగ్గరికి జరిగి కూర్చునేదాన్ని. మక్క కంకులు పాలుపోసుకునే రోజుల్లో బాపు సాయంత్రం గొంగడి కొంగులో నాలుగు కంకులు దాచి తెచ్చేవాడు, అవి ఎవరి చేనులోవో అమ్మ అడిగేది కాదు, నిప్పుల మీద గింజలు చిటపటలాడుతుంటే అందరం చుట్టూ చేరి చేతులు కాల్చుకుంటూ వలుచుకునేవాళ్ళం. బతుకమ్మ పండుగకు గుట్ట మీద గునుగు, తంగేడు ఏరుకొచ్చి, సద్దుల నాడు రొట్టెలను బెల్లంతో నలిపి చేసిన మలీద ముద్దలను చెరువుగట్టు మీద ఎవరు ఎక్కువ తింటారా అని పందెం వేసుకునేవాళ్ళం. ఆ వెంటనే సీతాఫలాల కాలం. వడ్లగడ్డిలో దాచిన కాయలు మెత్తబడ్డాయో లేదో చూడటానికి రోజుకు పదిసార్లు నొక్కి నొక్కి సగం కాయలు మేమే చెడగొట్టేవాళ్ళం. ఎండాకాలం తాటిముంజలు, మధ్యాహ్నాలు అరుగు మీద చింతగింజలతో అష్టాచెమ్మా. ఆ ఆటలో అవ్వ నన్ను మోసం చేసేది, నేనూ అవ్వను మోసం చేసేదాన్ని, ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

అవ్వకు లెక్కలు రావు. గానీ పొద్దున మంద దొడ్డి దాటుతుంటే గడపలో కూర్చుని ఒక్క చూపు చూసి "నల్లచెవులది రాలే, లోపల పండుకున్నట్టుంది, పోయి చూడుండ్రి" అనేది. మనుషులనూ జీవాలనూ ఆమె ఒకే తీరుగా చూసేది. గొర్రెపిల్ల ఒళ్ళు చేసిందో లేదో తెలియాలంటే దాని నడుము మీద చెయ్యి వేసి వేళ్ళతో మెల్లగా నొక్కి చూడటం మా వాళ్ళ పద్ధతి, వెన్నుబద్ద వేళ్ళకు తగలకపోతే మంచి పిల్ల, కర్రలా తగిలితే బక్కది. నన్ను బడికి పంపే ముందు జడ వేస్తూ వేస్తూ అవ్వ అలాగే నా వీపు మీద చెయ్యి వేసి నొక్కి చూసేది. "దీనికేం కొదువ లేదు" అని వీపు మీద ఒక్కటి చరిచి పంపేది. నాకేం కొదువ లేకపోవడానికి కారణం ఆమెకు తెలియదు, నాకు తెలుసు.

ఆ కారణం అంగన్‌వాడీ నుంచి వచ్చేది. బడి పక్కనే ఒక గది, గోడల మీద మామిడిపండు, చిలక, కుందేలు బొమ్మలు. ఆ బొమ్మలు గీసినవాడికి కుందేలును చూసిన అనుభవం తక్కువేమో, మేమంతా దాన్ని మేకపిల్ల అనే అనుకునేవాళ్ళం. సుజాత టీచర్ నల్లగొండ నుంచి రోజూ బస్సులో వచ్చేది. కడుపుతో ఉన్నవాళ్ళకు అక్కడే కూర్చోబెట్టి అన్నం, పప్పు, గుడ్డు, గ్లాసెడు పాలు పెట్టేది, ఇంటికి తీసుకుపోతామంటే ఒప్పుకునేది కాదు, ఇంటికి పోతే అత్త తింటుందనీ ఆడబిడ్డ తింటుందనీ ఆమెకు బాగా తెలుసు. కొమురయ్య ఈడు పిల్లలకు మాత్రం నెలకో పొట్లం బాలామృతం, కొన్ని గుడ్లు ఇంటికే ఇచ్చేది. మా బడిలోనూ అప్పుడే మధ్యాహ్నం అన్నానికి దొడ్డు బియ్యం పోయి సన్న బియ్యం వచ్చాయి. మొదటి రోజు ఆ తెల్లటి అన్నం చూసి మా తరగతిలో ఒకడు "ఇయ్యాల ఎవరి పెండ్లి సార్?" అని అడిగాడు. సారు నవ్వి వాడికి ఇంకో గరిటె వేయించారు.

కొమురయ్య పొట్లానికి మా ఇంట్లో ముగ్గురం వాటాదారులం. అమ్మ వాడికి పొద్దునొకసారి పాలలో కలిపి పెట్టేది. బడి నుంచి రాగానే డబ్బా మూత తీసి ఒక చిటికెడు, ఎవరూ చూడకపోతే గుప్పెడు నేను నోట్లో వేసుకునేదాన్ని. ఆ పొడి అంగిట్లో అతుక్కుని మాట రాకుండా చేసేది, అందుకే అమ్మ పిలిస్తే పలికేదాన్ని కాదు. ఇక మూడో వాటా సుక్కిది. తల్లి చచ్చిపోయిన గొర్రెపిల్ల అది, నుదుటి మీద తెల్లచుక్క. అవ్వ దానికి సీసాతో పాలు తాగించేది, ఆ సీసాలో రెండు చెంచాల బాలామృతం కలిపేది. "తల్లి లేని జీవం, దానికి మాత్రం పానం కాదా" అనేది. సుక్కి నున్నగా తయారైంది. నేనూ నున్నగా తయారయ్యాను. కొమురయ్య మాత్రం ఏ నెలకానెల అలాగే ఉండేవాడు. ఎండాకాలంలో వాడికి విరేచనాలు పట్టుకుని పదిరోజులు వదల్లేదు, ఆ తర్వాత తిండి మీద ధ్యాస పోయింది. సుక్కి తోక పట్టుకుని వాకిలంతా తిరగడమే వాడికి తెలిసిన ఆట.

నెలకోసారి టీచర్ పిల్లలను తూచేది. దూలానికి గుండ్రటి స్ప్రింగు కాటా వేలాడదీసి, కింద రెండు కాళ్ళకూ రెండు కంతలున్న గుడ్డ ఉయ్యాల తగిలించి, ఒక్కొక్కరినీ అందులో దించితే, కొందరు ఉయ్యాల అనుకుని నవ్వేవాళ్ళు, కొందరు ఊరు లేచిపోయేలా ఏడ్చేవాళ్ళు. ముల్లు ఎక్కడ ఆగిందో చూసి టీచర్ ఒక్కో పిల్లవాడి కాగితం మీద ఒక చుక్క పెట్టేది. కాగితంలో ఆకుపచ్చ పట్టీ, దాని కింద పసుపుపచ్చ, దాని కింద ఎరుపు. దీపావళి దాటాక తూచినప్పుడు కొమురయ్య చుక్క పసుపు అంచు దాటి ఎరుపులో పడింది. నేను అప్పుడు కిటికీ బయట నిలబడి ఉన్నాను, టీచర్ అమ్మతో అన్నమాట విన్నాను. "వచ్చే నెల దాకా చూద్దాం. గప్పటికి పెరగకపోతే నల్లగొండ దవాఖానల ఉంచాలె. పదిహేను రోజులు పిల్లగానితోటి నువ్వు గూడ ఉండాలె. ఊకె అంటలేను, వీనికి ఏదన్న రోగమొస్తె తట్టుకోడు."

ఆ మాటతో మా ఇంట్లో పొయ్యి మీది జొన్నగటక మాడింది. ఎందుకంటే వరికోతలు అయిపోగానే మా మంద సాగర్ కాలువల కిందికి మేతకు పోవాలి. మా గుట్టల్లో గడ్డి ఎండిపోతుంది, అక్కడ కోసిన మడుల్లో మేతుంటుంది, ఎండలు ముదిరేదాకా బాపు, అమ్మ, వాళ్ళతోపాటు చంకలో కొమురయ్య అక్కడే ఉంటారు. బడి ఉంది కాబట్టి నేనూ, మోకాళ్ళు పట్టేసి నడవలేని అవ్వా ఇంటి దగ్గర ఉంటాం. ఒక్క మనిషితో మంద సాగదు. ఒకరు ముందు నడవాలి, ఒకరు వెనక తోలాలి, పడిన చోట ఒకరు వండాలి. అమ్మ దవాఖానలో కూర్చుంటే మంద కదలదు, కదలకపోతే ఇక్కడ ఎండిపోతుంది.

అవ్వకు దవాఖాన కంటే కాటా మీదే ఎక్కువ కోపం. మా వాళ్ళు గొర్రెను చేత్తో చూసి అమ్మేవాళ్ళు, కాటా తెచ్చేది కోసి అమ్మడానికి కొనే బేరగాడు. "మనం కాటా ఎక్కిచ్చిన జీవం ఏదన్న తిరిగి దొడ్లకొచ్చిందా? పసిపోరన్ని తీస్కపోయి గా కాటాకు ఏలాడేస్తరా?" అని అమ్మను నిలదీసింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు అవ్వ తనే ఒక నిర్ణయానికి వచ్చింది. "జర ఫికర్ చెయ్యకు. వచ్చేసారి ముల్లు ఎట్ల లేవదో నేను చూస్త."

ముల్లును లేపే విద్య అవ్వకు తెలుసు. అంగడికి తోలే రోజు పొద్దున్నే గొర్రెలకు ఉప్పు నాకించేవాళ్ళు. నాకినంత నాకి, తొట్టెలో మూతి పెట్టి కడుపు డప్పులా ఉబ్బేదాకా నీళ్ళు తాగి, కాటా ఎక్కేసరికి గొర్రె బరువుగా తూగేది. బేరగాళ్ళకూ తెలిసిన సంగతే, వాళ్ళూ కాటాలో తమ పనులు తాము చేసుకునేవాళ్ళు. తూచే రోజు పొద్దున అమ్మ కట్టెలకు పోగానే అవ్వ కొమురయ్యను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఉప్పుచేప ముక్క కాల్చి, ముళ్ళు తీసి, చల్లలో కలిపిన గటకతో నోట్లో పెట్టింది. వాడికి ఉప్పు నచ్చింది. తర్వాత చెంబు అందించింది. వాడు తాగాడు, ఆగాడు, మళ్ళీ తాగాడు, పొట్ట ముందుకు పొడుచుకొచ్చింది. అవ్వ నా వైపు చూసి "నువ్వు చూడలే" అంది. చూడలేదని తలూపాను.

ఆ రోజు అవ్వే వాణ్ణి ఎత్తుకుని అంగన్‌వాడీకి వచ్చింది, మోకాళ్ళ నొప్పి మరిచిపోయి ఎంత వేగంగా నడిచిందంటే నేను వెనక పరుగెత్తాల్సి వచ్చింది. ఉయ్యాలలో దించగానే ముల్లు ఎరుపు దాటేంత దూరం పోయి నిలిచింది. టీచర్ రెండుసార్లు చూసింది. "అబ్బ, కొమురయ్యా, మంచిగ తిన్నవు గదా" అని సంతోషంగా పసుపులో, ఆకుపచ్చకు దగ్గరగా చుక్క పెట్టింది. అంతవరకు వాడు ఓర్చుకున్నాడు. అంగన్‌వాడీలో వండిపెట్టే ఆయమ్మ వాణ్ణి ఉయ్యాలలోంచి తీసి ఎత్తుకోగానే మొదలుపెట్టాడు, ఆమె చీర కుచ్చిళ్ళు తడిసి, చెప్పులు తడిసి, కింద చాప మీద పిల్లలంతా లేచి గోడకు జరిగినా అది ఆగలేదు. అందరూ పడీపడీ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది అవ్వ.

ఆ సాయంత్రం ఇంట్లో పండుగే. దవాఖానకు పోవాల్సిన పని లేదు, మూడో రోజు పొద్దున మంద బయలుదేరుతుందని బాపు చెప్పాడు. అమ్మ సద్ది మూటలు కట్టడం మొదలుపెట్టింది, జొన్నరొట్టెలు ఎండబెట్టింది, వెల్లుల్లి కారం దంచింది, ఆ ఘాటుకు మేమంతా తుమ్ముతూ నవ్వుతూ ఉన్నాం. మర్నాడు బడి నుంచి వచ్చి, అలవాటుగా డబ్బా మూత తీసి చెయ్యి పెట్టబోతూ వాకిట్లోకి చూశాను. సుక్కి గెంతుతోంది. కొమురయ్య గోడకు ఆనుకొని కూర్చుని దాన్ని చూస్తున్నాడు. అది దగ్గరికొచ్చి వాడి చెవి నాకింది, తోక వాడి ముఖానికి తగిలేంత దగ్గరగా నిలబడింది. వాడు చెయ్యి కూడా ఎత్తలేదు. ఎత్తాలని లేక కాదు, చూస్తే తెలిసిపోతోంది, వాడికి లేవడానికి ఓపిక లేదు.

నేను మూత పెట్టేశాను. నాకు భయమేసింది. వాడి పొడి తిన్నందుకు భయం, చూడలేదని తలూపినందుకు భయం, వీణ్ణి ఎల్లుండి తీసుకుని కాలువల వెంట ఎండలో చలిలో తిప్పుతారని భయం. అవ్వకు చెప్తే తిడుతుంది, అమ్మకు చెప్తే అవ్వకూ అమ్మకూ మధ్య ఏమవుతుందో తెలియదు. బాపు ఇంకా రాలేదు. నాకు తోచింది ఒక్కటే, టీచర్ బస్సు ఎక్కేలోపు ఆమెను పట్టుకోవాలి.

రోడ్డు మీద వేపచెట్టు కింద నిలబడి ఉంది టీచర్. ఒగర్చుకుంటూ పోయి "టీచర్, మా తమ్ముడు నిన్న మస్తు నీళ్ళు తాగిండు" అన్నాను. "తాగనీ, నీళ్ళు మంచియే గదా" అంది. "గట్ల కాదు టీచర్. గొర్లకు ఉప్పు పెట్టి తాపినట్టు తాపినం." ఆమెకు ఒక్క నిమిషం పట్టింది. బస్సు వచ్చి ఆగింది, టీచర్ ఎక్కలేదు. "ఎవ్వలు తాపిండ్రు?" అని అడిగింది. అవ్వ పేరు చెప్పడానికి నోరు రాక "నేను గూడ ఆ పొడి తింట టీచర్, సుక్కి గూడ తింటది" అని మొత్తం కక్కేసి ఏడ్చాను. టీచర్ నన్ను దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. నవ్వు ఆపుకుంటోందని ఆమె పొట్ట కదలడం వల్ల నాకు తెలిసింది, నాకు ఇంకా ఏడుపొచ్చింది.

మర్నాడు అందరికంటే ముందు బస్సులో దిగి, కాటాను సంచిలో వేసుకుని నేరుగా మా ఇంటికి వచ్చింది. అవ్వ కాటాను చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపుకు నేను దొడ్డిలో గొర్రెల వెనక దాక్కున్నాను, అక్కడి నుంచే అంతా విన్నాను. టీచర్ కాటా బయటికి తీయనేలేదు. అరుగు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, సుక్కిని చూపించి "అవ్వా, గొర్రెపిల్ల మంచిగున్నదో లేదో నీకెట్ల తెలుస్తది?" అని అడిగింది. అవ్వకు అది నమ్మలేని ప్రశ్న. "ఎట్లేంది టీచరమ్మా, నడుము మీద చెయ్యేస్తె తెల్వదా?" అంటూ సుక్కి వీపు నొక్కి చూపించింది. "మరి మీ మనుమన్ని గూడ గట్లనే చూడు. నువ్వేమంటె గదే రాసుకుంట. నాకు కాటా వద్దు" అంది టీచర్.

కొమురయ్య అమ్మ చంకలో ఉన్నాడు. రోజూ నా వీపు చరిచి పంపే అవ్వ వాడి వీపు మీద చెయ్యి వేయడం నేనెప్పుడూ చూడలేదని నాకు అప్పుడే గుర్తొచ్చింది. కాసేపటికి వేసింది. వేళ్ళు వెన్ను మీద నుంచి పక్కలకు, పక్కల నుంచి భుజాలకు పోయి అక్కడ ఆగిపోయాయి. "బొక్కలే తాకుతున్నయి" అంది, తనలో తనే. తర్వాత బాపు వైపు తిరిగింది. "గిసొంటి పిల్లను మనం మంద తోటి తోలుతమార? ఇంటికాడ కట్టేసి మేపుతం గదా. కోడలు వీన్ని తీస్కొని దవాఖానకు పోతది. గొర్ల తోటి నేనొస్త." బాపు ఏదో అనబోయాడు, మోకాళ్ళన్నాడు, చలన్నాడు. "మోకాళ్ళు నావి, నీయి కావు" అని అవ్వ లోపలికి పోయి దండెం మీది గొంగడి తీసి దులిపింది.

అవ్వ బాపు వెంట మందతో పోయింది. ముందు కొద్దిగా కుంటింది, ఊరు దాటేసరికి గొర్రెలను అదిలిస్తూ బాపు కంటే ముందుంది. పోయేటప్పుడు నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి నేను అమ్మతోపాటే నల్లగొండకు పోయాను, బడిలో సారు సరేనన్నారు, దవాఖానలో నర్సమ్మలు నన్ను చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఆ పదిహేను రోజులు నా బాల్యంలో ఒక జాతర. పెద్ద గది, గోడల మీద ఈసారి నిజంగా కుందేలులా ఉన్న కుందేలు, మంచాల వరసలో మా కొమురయ్యలాంటి పిల్లలే ఏడెనిమిది మంది, దేవరకొండ తండాల నుంచి వచ్చిన అమ్మలు, కూలికి పోయే అమ్మలు. గంటల లెక్కన పిల్లలకు పాలు, మెత్తటి కిచిడీ, గుడ్డు. ఏడిస్తే ఆపి, మళ్ళీ పెట్టి, ఎంత తిన్నారో రాసుకునేవాళ్ళు. తల్లులకూ మూడుపూటలా అన్నం. పెళ్ళిళ్ళలో తప్ప మా అమ్మ వరసగా అన్ని పూటలూ ఇంకొకరు వండి పెట్టిన అన్నం తినడం అదే మొదటిసారి. మొదటి రోజు కంచం పట్టుకుని "మరి గిన్నెలు ఎవ్వలు తోముతరు?" అని అడిగింది, తోమేవాళ్ళు వేరే ఉన్నారన్నా నమ్మక తన కంచం తనే కడిగి పెట్టింది. నాలుగో రోజుకు అలవాటైంది. వారానికి కొమురయ్య గిన్నె కోసం ఏడవడం మొదలుపెట్టాడు, పదిహేనో రోజున ఇంటికి పంపుతుంటే పక్క మంచం పిల్లవాడి అరటిపండు లాక్కున్నాడు. అమ్మ వాణ్ణి కొట్టబోయి, నవ్వి, ముద్దు పెట్టుకుంది.

ఇంటికొచ్చాక బాలామృతం డబ్బాకు అమ్మ గుడ్డకట్టి ముడివేసింది. ఆ ముడి నేను విప్పలేదు. విప్పాలనిపించలేదని అబద్ధం చెప్పను.

ఎండలు ముదిరాక మంద తిరిగొచ్చింది. అవ్వ నల్లబడి, చిక్కి, గొంతు బొంగురుపోయి వచ్చింది. చేతికర్ర పక్కన పెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా, సుక్కి వెనక పరుగెడుతున్న కొమురయ్యను పట్టుకుని వీపు నొక్కి చూసింది, వాడు కితకితలకు మెలికలు తిరిగి తప్పించుకుపోయాడు. "గిప్పుడు పోనీ" అంది. మర్నాటి పొద్దున నుంచి మళ్ళీ నా జడ అవ్వే వేసేది.

ఇప్పుడు కొమురయ్య గురుకులంలో ఏడో తరగతి. కబడ్డీ ఆడతాడు, సెలవులకు వస్తే కంచంలో అన్నం ఎటు పోతుందో తెలియదు. ఊళ్ళో మంద లేదు, గుట్టల్లో సగం ప్లాట్లయ్యాయి, సాగర్ కాలువల దాకా నడిచే ఓపిక ఇప్పటి వాళ్ళకు లేదు, బాపు నార్కట్‌పల్లి రోడ్డు మీద హోటల్లో పనికి పోతున్నాడు. గొంగడి కప్పుకున్న మనిషి కనిపిస్తే పిల్లలు ఫోన్లో ఫొటో తీస్తున్నారు. అంగన్‌వాడీలో వేలాడే కాటా పోయి, పిల్లలు నిలబడితే అంకెలు మెరిసే మిషన్ వచ్చింది, సుజాత టీచర్ బదిలీ మీద పోయి కొత్త టీచర్ వచ్చింది. అష్టాచెమ్మాలో మోసం చేయడానికి నాకు అవ్వ ఒక్కతే మిగిలింది.

పోయిన దసరాకు ఊరికి పోయినప్పుడు, గింజలు వేస్తూ వేస్తూ, పదేళ్ళుగా అడగలేకపోయిన మాట అడిగాను. "అవ్వా, గప్పుడు నేను టీచర్‌కు చెప్పినందుకు నా మీద కోపమొచ్చిందా?" అవ్వ వేయబోయిన గింజలను గుప్పిట్లోనే పట్టుకుంది. "కోపం నీ మీద రాలే. మీ బాపు కంటె ముందు నాకిద్దరున్నరు. గొర్ల తోటి పోయిన కాడ్నే పోయిండ్రు, ఇద్దరు. ఒకడు నడిచేటోడు. రోగమేందో తెల్వదు, బక్కగున్నరని తెలుసు. నడుము మీద చెయ్యేసి చూసిన, తెలిసింది. తెలిసి ఏం చెయ్యాలె? పోదామంటె జాగా లేదు, చెప్పుదామంటె మనిషి లేడు. గప్పటి సంది పోరగాండ్ల నడుము చూడబుద్ధి గాలే. నీది చూసేదాన్ని, నువ్వు బొద్దుగుంటవని."

మా బాపు పేరు పెంటయ్య. బడిలో తండ్రి పేరు రాయమన్న ప్రతిసారీ పక్కవాళ్ళకు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టి రాసేదాన్ని నేను. పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాత పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరికీ అక్కరలేని బిడ్డ అని చావు కూడా నమ్మేలా ఆ పేరు పెట్టేవాళ్ళని నాకు తెలుసు, ఊళ్ళో పెంటయ్యలూ పెంటమ్మలూ ఎందరో ఉండేవాళ్ళు కాబట్టి మా ఇంట్లో ఉన్న పెంటయ్యకు ముందు ఎవరున్నారని అడగాలని నాకెప్పుడూ తోచలేదు. అవ్వ గింజలు వేసింది. నాలుగు పడ్డాయి. ఆమె పావు జరపలేదు, మోసం కూడా చేయలేదు.

మర్నాడు ఊళ్ళో మా పక్కింటి పాపను తీసుకుని అంగన్‌వాడీకి పోయినప్పుడు కొత్త టీచర్ ఫోన్లో చూస్తూ పిల్లల పేర్లు పిలిచింది. ఇంటికొచ్చి అవి అవ్వకు ఒక్కొక్కటే చెప్పాను, హర్షిత్, సాన్వి, రిషిక, చరణ్ తేజ. అవ్వ వాటిని పలకబోయి నాలుక మడతపడి, బోసినోటితో కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి ఆగి, "పెంటయ్య ఒక్కడన్న లేడా?" అని అడిగింది.

"ఒక్కడు లేడవ్వా."

"మళ్ళొకసారి చెప్పు" అంది. నేను మొదటి నుంచి చెప్పాను, అవ్వ చివరి పేరు దాకా కదలకుండా విన్నది.